వెనక కన్నం

పొలం గట్టులో రంగమ్మ అనే చిట్టెలుక పిల్లలతో కాపురముండేది. వాన వెలిసినప్పుడల్లా పందికొక్కు గురవయ్య వచ్చి, గట్టులోని బొరియలన్నీ బాగుచేసి, ఏదో ఒక కొత్త సదుపాయం కలిపి వెళ్లేవాడు.

ఈసారి గింజలు దాచుకునేందుకు ఒక గది తవ్విపెట్టాడు. రంగమ్మ మురిసిపోయింది.

"ఇక ఆ వెనక కన్నం పూడ్చేస్తానమ్మా. పాములు ఇలాంటి దారులు కనిపెట్టేశాయి," అన్నాడు గురవయ్య.

"తర్వాత చూద్దాంలే మామా. అది పూడిస్తే నేను పొలంలోకి చుట్టు తిరిగి వెళ్లాలి. ఇన్నాళ్లూ ఏ పామూ రాలేదుగా."

గురవయ్య వినలేదు. మట్టి తోస్తుంటే పిల్లల పక్క కింద నుంచి పల్చటి పొర ఒకటి అతని కాలికి తగులుకుంది. లాగితే వస్తూనే ఉంది. అది పాము కుబుసం.

రంగమ్మ ఒక్క గెంతులో పిల్లల దగ్గరికి చేరింది. పిల్లల్ని ఒక్కొక్కరినీ తడిమి చూసుకుంది. అందరూ ఉన్నారు.

"ఇదెక్కడిది?" అని అడిగింది.

"నువ్వు గింజలకు వెళ్లినప్పుడు ఒకాయన వచ్చి వదిలేసి వెళ్లాడమ్మా. మెత్తగా ఉందని పరుచుకున్నాం," అంది చిన్నపిల్ల. "మేం ఇంకాస్త బొద్దుగా అయ్యాక మళ్లీ వస్తానన్నాడు."

గురవయ్య కదిలేలోపే రంగమ్మ కన్నంలోకి మట్టి తోయసాగింది.