గూటికి పడిన చిల్లు

ఒక పెరట్లో పశువుల పాక దూలానికి ఓ కందిరీగ మట్టితో గూడు కట్టింది. లోపల గుడ్డు పెట్టి మూతి మూసేసింది. ఎండకు గోడ పగిలినా, జల్లుకు నానినా తనే మెత్తుకునేది. ఎవరి సాయమూ అడిగేది కాదు.

ఒకరోజు గూటికి ఆవగింజంత చిల్లు కనిపించింది. కందిరీగ తడిమట్టి తెచ్చి పూడ్చింది. కాసేపటికి పక్కనే మరో చిల్లు పడింది. అదీ పూడ్చింది. మళ్లీ పడింది.

"మట్టిలో ఇసుక ఎక్కువైందా? తడి చాలలేదా?" కందిరీగకు ఏమీ పాలుపోలేదు. ఈసారి బంకమట్టి తెచ్చి రెండు పూతలు పూసింది. అయినా చిల్లు పడింది!

అంతలో దూలం మీదికి ఉడుత వచ్చింది. దాన్ని చూడగానే కందిరీగకు ఒళ్లు మండింది.

"నా గోడ గీకుతున్నది నువ్వేనా?"

"నేనిప్పుడేగా వచ్చాను వదినా! చప్పుడు నీ ఇంట్లోంచే వస్తోంది, విను."

కందిరీగ గోడకు ఆనుకుని విన్నది. లోపల ఎవరో కొరుకుతున్నారు.

"అమ్మో, దొంగ దూరాడు!" అని హడలిపోయి ఇంకో మట్టిముద్ద పట్టుకొచ్చింది.

"ఆగు వదినా! లోపల ఎవర్ని పెట్టి మూశావో గుర్తు తెచ్చుకో," అంది ఉడుత.

కందిరీగ నోట్లోని ముద్ద జారిపోయింది. తను పూసిన పూతలన్నీ తనే గబగబా కొరికేసింది. నలిగిన రెక్కలతో పిల్ల కందిరీగ బయటపడింది.

"అమ్మా, నేను తలుపు తీసినప్పుడల్లా మూసేసింది ఎవరమ్మా?" అని ఆయాసపడుతూ అడిగింది.

కందిరీగ దగ్గరికి జరిగి, పిల్ల రెక్కలకంటిన మట్టి దులుపుతూ ఉండిపోయింది.