కరుప్పాయి బోణీ

జీవితంలో గెలవాలని జయరామన్ రోజూ పొద్దున ఐదింటికి అలారం పెట్టుకునేవాడు. అది మోగగానే ఆపేసి, పడుకునే ఫోన్లో వీడియో పెట్టుకునేవాడు. "గెలిచేవాడు సూర్యుడికంటే ముందే లేస్తాడు!" అని అందులో కోటు వేసుకున్నాయన గర్జించేవాడు. నిజమేనని జయరామన్ దుప్పట్లోంచే తల ఊపేవాడు. ఒకటి అయ్యాక ఇంకొకటి. అన్నీ చూసి లేచేసరికి తొమ్మిదయ్యేది.

ధర్మపురిలో అతని కిరాణా దుకాణం పదింటికి తెరుచుకునేది. ఒక్క అతన్ని అని లాభం లేదు, ఆ వీధి వీధంతా అదే వరస. కాకపోతే మిగతావాళ్లకు లక్ష్యాలు లేవు, జయరామన్‌కి ఉన్నాయి. 'దీపావళికి అమ్మకం రెట్టింపు' అని కాగితం మీద రాసి అద్దానికి అంటించుకున్నాడు. రోజూ దాన్ని చూస్తూనే తీరిగ్గా గడ్డం గీసుకునేవాడు.

దీపావళికి మూడు నెలల ముందు, ఆడి నెలలో బావమరిది ప్రశాంత్‌కుమార్ వచ్చాడు. దుకాణమున్న చోటు వాళ్ల నాన్నది.

"బావా, దీపావళి దాకా చూస్తాను. అంగడి లేస్తే సరే. లేకుంటే ఆడ నేను మొబైల్ షోరూం పెట్టేస్తాను. మీరేం దిగులు పడొద్దండి, కౌంటర్లో కూసోని ఫోన్లకు గ్లాసులు అంటించండి."

జయరామన్ నవ్వబోయాడు. "మా తమ్ముడు తమాషాకు చెప్పలేదు" అంది భార్య అలమేలు. నలభై ఏళ్లు దాటాక బావమరిది దగ్గర జీతానికి కూర్చోవడమా! ఆ పూట అతనికి అన్నం సయించలేదు.

మర్నాడు పదింటికి, వీధి మొదట్లో కొత్తగా వెలసిన టీ బండి దగ్గర ఆగాడు. బండి నడిపే తమిళరసి ఈగలు తోలుకుంటూ కూర్చుని ఉంది.

"ఇప్పుడా అన్నా వచ్చేది? కరుప్పాయక్క వచ్చి తిరిగి పోయినాదే!"

"ఎవురామె?"

"తెలీదా? కైరాసి చెయ్యి. ఆమె బోణీ చేస్తే ఆ దినమంతా అంగడికి జనం తగ్గరు. మల్లాపురంలో ఒకాయన ఆమె బోణీతోనే మిద్దె కట్టినాడంట. ఆరింటికి వచ్చింది. వీధంతా షట్టర్లే. ముందు ఎవురు తెరిస్తే వాళ్లకే బోణీ అని చెప్పి పోయినాది."

మర్నాడు అలారం మోగాక జయరామన్ వీడియోలు చూడలేదు. ఐదున్నరకే షట్టర్ ఎత్తాడు. ఆ చప్పుడుకు వీధి కుక్కలు లేచి, ఎవరో దొంగ అనుకుని మొరిగాయి.

ఆరింటికి కరుప్పాయి వచ్చింది. చేతిలో పసుపు సంచి. ఐదు కిలోల చక్కెర, ఒక కిలో టీపొడి అడిగింది. ధర విని మూతి విరిచింది.

"బోణీ బేరం నాయినా. తగ్గించు, లేకుంటే పోతాను."

బోణీ బేరాన్ని వట్టి చేతులతో పంపితే ఆ రోజు గిరాకీ సున్నా. అది వాళ్ల తాతల నాటి నమ్మకం. జయరామన్ గుండె రాయి చేసుకుని కొన్న ధరకే తూచి ఇచ్చాడు.

"ఇంత చక్కెర ఏం చేస్తావక్కా?"

"ఇంటికి చుట్టాలు ఎక్కువ నాయినా. పొద్దున్నే దిగేస్తారు."

ఆ రోజు దుకాణం కిటకిటలాడింది. మొరప్పూర్ బస్సు దిగి పనులకు పోయేవాళ్లు తెరిచి ఉన్న ఒకే ఒక్క దుకాణంలోకి దూరారు. అందుకే జనం వచ్చారన్న ఆలోచన జయరామన్‌కి రాలేదు. అదంతా కరుప్పాయి చేతి చలువే అనుకున్నాడు.

అలాంటి సంగతులు దాగవు. రెండో రోజు ఎదుటి పాత్రల దుకాణం గుణశేఖరన్ ఐదుంపావుకే తెరిచాడు. కరుప్పాయి అతని దగ్గర రెండు డజన్ల గాజు గ్లాసులు బోణీ చేసింది. జయరామన్‌కి కడుపు మండిపోయింది. మూడో రోజు తను ఐదింటికే తెరిచాడు. వారం తిరిగేసరికి వీధిలో షట్టర్లన్నీ తెల్లవారకముందే లేస్తున్నాయి.

ఇక పొద్దున్నే అందరికీ ఒకటే పని. ఆవలిస్తూ, ఆవిడ వచ్చే దారి చూస్తూ టీ తాగడం. తమిళరసి బండి చుట్టూ నిలబడ్డానికి చోటు లేదు. ఒకరోజు జయరామన్ సరదాగా బేరం చేయబోయాడు.

"పాపా, నీకు మొదటి గిరాకీ నేనే. తగ్గించుకోరాదూ?"

"టీకి బోణీ బేరం లేదన్నా" అంది తమిళరసి, చిల్లర లెక్కపెట్టి గల్లాలో వేసుకుంటూ.

దీపావళి వచ్చింది. అమ్మకం రెట్టింపు దాటింది. ప్రశాంత్‌కుమార్ దుకాణం ముందు కాసేపు నిలబడ్డాడు. జనంలోంచి లోపలికి వెళ్లే దారి దొరక్క, "వేరే చోటు చూసుకుంటాలే బావా" అని వెళ్లిపోయాడు. జయరామన్‌కి ప్రాణం లేచివచ్చింది. అద్దం మీది కాగితాన్ని చింపి పారేశాడు.

మర్నాడు కరుప్పాయి చేతిలో కొత్త చీర పెట్టాడు. అతనికి కళ్లు చెమర్చాయి.

"నీ చెయ్యే నన్ను కాపాడిందక్కా."

"నాదేముంది నాయినా, అంతా పైవాడు చూసుకుంటాడు" అంటూ ఆవిడ చీరను, ఆనాటి చక్కెరను సంచిలో సర్దుకుని వీధి మొదటికి నడిచింది.

బండి దగ్గర రద్దీ తగ్గాక, ఆ చక్కెరను డబ్బాలో పోసుకుంటున్న కూతురు తమిళరసితో కరుప్పాయి మెల్లగా అంది: "ఈ వీధి లేసేసిందమ్మీ, రేపట్నుంచి బస్టాండు ఎనక వీధిని లేపితే మన రెండో బండి ఆడ పెట్టేయొచ్చు."