తిరగడం మానని కర్పూరం

దుర్గ చేతి మిషన్ మీద కర్పూరం బిళ్లలు నొక్కుతోంది. పొడి ఎగిరిపోతుందని ఫ్యాను ఆపేసింది. ముక్కు కొస నుంచి చెమట కారుతోంది.

ఇంటి ముందు ఆటో ఆగింది. నేత చీర కట్టుకున్న ఒక పెద్దావిడ దిగింది.

"లైసెన్సులు చూసే ఇన్‌స్పెక్టరమ్మ లెక్కుంది. నోరు మెదపకు," అని గొణిగి, తండ్రి రమణ గబుక్కున ఫ్యాను వేశాడు.

పొడి గుప్పున లేచి, అప్పుడే లోపలికి వచ్చిన ఆమెతో సహా ముగ్గురి మీదా పడింది.

"కూసోండ్రి మేడం. అంతా అసలు సరుకే."

ఆమె జుట్టు కూడా దులుపుకోలేదు. ఒక బిళ్ల తీసి గోటితో నొక్కింది.

"ఇది ఇంత తేలిగ్గా అణుగుతుందేమిటి?"

"కల్తీ లేదు మేడం! రాములోరి మీద ఒట్టు!"

దుర్గకు ఉండబట్టలేదు.

"లోపల అణువులు వరసగానే నిలబడ్తయ్ మేడం. కానీ నిలబడ్డ చోటనే గిర్రున తిరుగుతయ్. అందుకే నొక్కితే జారుతయ్."

"చల్లబరిస్తే?"

"గిసొంటి కొన్ని పదార్థాలను జల్దీ చల్లబరిస్తే, తిరిగేటియి ఎక్కడియక్కడ బిగుసుకపోతయ్, గాజు లెక్క. వరస చెడదు. కానీ అన్నీ ఒక్క దిక్కే చూడయ్."

"షురూ చేసింది," రమణ నుదురు కొట్టుకున్నాడు. "అణువులు దిక్కులు చూస్తయంట! నువ్వు బిళ్లల దిక్కు చూడు."

ఆమె నవ్వలేదు.

"ఇంత తెలిసీ ఇక్కడెందుకున్నావమ్మా?"

"రీసెర్చ్ సీటు రాలే మేడం. వస్తే నాయన ఫోన్‌కే చెప్తరు, ఎవరూ ఫోన్ చెయ్యలేదంట. అయినా ఇడిసిపెట్ట. మళ్ల రాస్త."

"ఎవరూ చెయ్యలేదా?" ఆమె రమణ వైపు చూసింది. చూపు తిప్పలేదు.

రమణ చేతులు జోడించాడు.

"చేసిన్రు మేడం. హైదరాబాద్ నుంచి ఎవరో మేడం. పిల్లను పంపితే ఈ మిషన్ ఎవరు నొక్కాలె? పెండ్లైపోయిందని చెప్పి పెట్టేసిన."

మిషన్ ఆగింది.

"నాయనా!"

"ఏంది నాయనా? బయటోళ్ల ముంగట ఇజ్జత్ తియ్యకు!"

ఆమె బిళ్లను పళ్లెంలో పెట్టి, లేచి బయటికి నడిచింది.

"బతికినం. ఫైన్ వెయ్యలే," అంటూ రమణ ఫ్యాను ఆపాడు.

కానీ ఆటో కదల్లేదు. డ్రైవర్ లాలు గుమ్మంలోకి తొంగి చూశాడు.

"దుర్గంటే నువ్వేనా చెల్లె? పెండ్లైనా సరే, చదువుతవేమో అడుగుదామని ఆ ప్రొఫెసరమ్మ హైదరాబాద్ నుంచి వచ్చింది. ఆటో ఎక్కుతవో లేదో కనుక్కోమంది."

"ఇన్‌స్పెక్టర్ కాదా?" రమణ నోట అంతే వచ్చింది.

పొడి అంటిన చేతులతోనే చెప్పులు తొడుక్కుని దుర్గ గడప దాటింది.