కలవని రోడ్డు

"ఏటి సుజానా, ఇంకా అవలేదా? ఆ రెండు గీతలూ బేగి కలిపెయ్. మధ్యాహ్నానికి డ్రాయింగు పంపేయాలి."

ఇంజనీరు సర్వేశ్వరరావు ఆమె కుర్చీ వెనకే నిలబడ్డాడు. సుజానా వెనక్కి చూడకుండా మౌసు కదిపింది. చింతపల్లి కొండల్లో వేయబోయే కొత్త ఘాట్ రోడ్డది. పైనుంచి దిగిన గీత, కిందినుంచి ఎక్కిన గీత కంప్యూటర్ తెరమీద దగ్గరదాకా వచ్చి ఆగిపోయాయి.

"కలవట్లేదు సార్. మధ్యలో ఖాళీ ఉంది."

"ఉంటే ఏటి? తిన్నగా ఒక గీత గీసి జాయిన్ కొట్టు."

కొట్టింది. రోడ్డు ఒక్కటైపోయింది. ఉద్యోగంలో చేరి ఇంకా నెల కాలేదు. అయినా మాట ఆగలేదు.

"అక్కడ లోయ సార్. మా నాన్న రోజూ ఆ పక్కనించే జీపు తోల్తాడు. రోడ్డు ఇలాగేస్తే మనుషులు సచ్చిపోతారు."

తిడతాడని కళ్లు మూసుకుంది. తిట్టు రాలేదు. తల తిప్పి చూస్తే ఆయన పక్క కుర్చీలో కూలబడ్డాడు.

"కింద సర్వేకి నేను ఎల్లలేదు సుజానా," అన్నాడు మెల్లగా. "ఆ అడవిలో మందుపాతరలున్నాయన్నారు. భయమేసి, ఇక్కడే కూకుని గీసేసినాను."

అంటే కింది గీతంతా ఊహే. ఇన్నాళ్లూ తను భయపడింది ఈ మనిషికా!

ఆమె ఆ కింది గీతను చెరిపేసింది. ఆయన వద్దనలేదు.

"మా నాన్న జీపులో ఎల్దాం సార్. నాకూ భయమే. నేనూ వస్తాను."

ఆయన తెరమీద గీత చెరిగిన చోటుకేసి చూశాడు.

"మీ నాన్న మెల్లగా తోల్తాడా?" అని అడిగాడు చివరికి.