సిలువ గుర్తు వాల్వు

అధికారులూ, కారు కోసం రెండు రోజులు కాలవలో వెతికి చేతులు దులుపుకున్నారు మీరు. ఈ పాపం మీదే.

రాత్రి ఆటోనగర్ షెడ్డులో మెకానిక్ జీవరత్నం ఒక్కడే ఉన్నాడు. సీలు విప్పిన కొత్త ఇంజను వాల్వుకు గరుకు పేస్టు రాసి, గూట్లో సరిగ్గా కూర్చునేలా అరగదీస్తున్నాడు. తుడిచి చూస్తే దాని మీద సిలువ. అది తను పంచ్‌తో కొట్టే గుర్తు. తన తమ్ముడు బెన్నీ కారు వాల్వులకే తను ఆ గుర్తు కొట్టాడు. నిరుడు ఆ కారు బెన్నీతో సహా కాలవలో పడింది. ఇంతవరకూ పైకి రాలేదు.

వాల్వు అమ్మిన షాపాయనకు ఫోను చేశాడు. "ఏవండీ, ఈ వాల్వు ఎక్కడిదండీ?"

"సీలు విప్పింది నువ్వేగా. నన్నడుగుతావేంటయ్యా?"

జీవరత్నం ఫోను పెట్టేసి మళ్ళీ అరగదీశాడు. చేతులు తీసేశాడు. అరుగుతున్న చప్పుడు ఆగలేదు. వాల్వు కింద నుంచి బురదనీళ్ళు ఊరుతున్నాయి.

ఇక మీ కాగితాలు చాలు. రేపే కాలవకు నీళ్ళు కట్టేయండి. బెన్నీని పైకి తీయండి.