నున్నగా తెగిన తాడు

ఆ పిల్ల గడ్డకట్టిన సముద్రంలో గొయ్యి తవ్విందో లేదో, పక్కనే ఎర్రజెండా పాతింది.

ఈనోక్ మంచు మీద తుపుక్కున ఉమ్మేశాడు.

"ఇప్పటికి నేర్చుకున్నారన్నమాట, జెండాలు పాతడం!"

ఆమె కర్రను ఊపి చూసి, ఇంకొంచెం లోతుకు దిగగొట్టింది.

పాతికేళ్ళ కిందట సముద్రాన్ని పరీక్షించడానికి వచ్చినవాళ్ళు ఇక్కడే ఇలాంటి గొయ్యి తవ్వారు. జెండా పాతకుండా వెళ్ళిపోయారు. మంచు కురిసి గొయ్యి కప్పుకుపోయింది. ఈనోక్ కూతురు నివి కుక్కల బండితో సహా అందులో పడింది. శవం కూడా దొరకలేదు.

ఆ రోజే ఆయన అన్నాడు, కూతురి పేరు తన ముందు ఎవరూ ఎత్తకూడదని.

ఉత్తర గ్రీన్‌లాండ్‌లోని ఆ చిన్న ఊళ్ళో, బిడ్డను పోగొట్టుకున్న తండ్రి మాటకు తిరుగులేదు. ఆయనే నోరు తెరిచి అడిగితే తప్ప ఆ పేరు మళ్ళీ పలకకూడదు.

ఆయన అడగలేదు. పగ మాత్రం పెంచుకున్నాడు.

మళ్ళీ ఇన్నాళ్ళకు తాళ్ళూ గొట్టాలూ వేసుకుని దక్షిణాది పట్నం నుంచి ఈ పిల్ల దిగింది. ఊళ్ళో ఎన్ని బండ్లున్నా ఈనోక్ బండే కావాలంది. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. పగ తనంతట తాను ఇంటికి వస్తే కాదనేదెవరు?

"ఆ పిల్ల పేరేమిటో అడిగావా?" అంది అక్క ఆనె, ఆ సాయంత్రం భోజనాల దగ్గర.

"సముద్రం అడుగు బురద కోసం వచ్చిన బురద పిల్ల. ఆ పేరు చాలు దానికి."

"అడుగురా."

"మా ఇంట్లో చీకటి కమ్మినప్పుడు అది పుట్టి కూడా ఉండదు. దాని పేరుతో నాకేం పని?"

ఆనె నిట్టూర్చి, పక్కనున్న నాలుగేళ్ళ మనవడి వైపు తిరిగింది.

"నాన్నా, చేప చల్లారిపోతోంది. తినండి."

వాడికి ఆనె, ఈనోక్‌ల చనిపోయిన తండ్రి పేరే పెట్టారు. పోయినవాళ్ళ పేరు ఏ ఇంటి బిడ్డకు పెట్టినా, ఆ మనిషి తిరిగొచ్చినట్టే అక్కడ.

వాడు ఈనోక్ కంచంలోని మంచి ముక్క లాక్కున్నాడు.

"చిత్తం నాన్నా! తమరి తర్వాతే నేను," అన్నాడు ఈనోక్. ఆ ఇంట్లో అందరూ నవ్వారు. ఆనె నవ్వలేదు.

వసంతం వచ్చింది. సూర్యుడు అస్తమించడం మానేశాడు. తాడు కట్టి గొయ్యిలోకి దించిన గొట్టాలను పైకి లాగే రోజు వచ్చింది.

"ఇంతకీ అందులో ఏం పడిందంటావు? బంగారమా?" అన్నాడు ఈనోక్ గొయ్యి దగ్గర బండి ఆపి.

"రాలింది పడుతుంది బాబాయ్. మంచు అడుగున నాచు పుడుతుంది. దాన్ని పురుగులు తింటాయి. తినగా మిగిలిందీ, వాటి రెట్టా రాలుతూ అడుక్కి దిగుతాయి. అక్కడ కుళ్ళి కరిగి, ఆ సారం మళ్ళీ పైకి వస్తుంది. కొత్త నాచుకు అదే తిండి. ఈ నీళ్ళలో మునిగిందేదీ ఊరికే పోదు."

ఈనోక్ పిడికిట్లో కొరడా బిగుసుకుంది.

"మునిగిన నా కూతురు పైకి వచ్చిందా?"

ఆమె ఆయన ముఖంలోకి చూసింది.

"రాలేదనుకుంటున్నారా?"

వెక్కిరిస్తోందనుకున్నాడు. ఒళ్ళు మండిపోయింది.

"నా పేరు అడగరా, బాబాయ్?" అంది మెల్లగా.

"నీ పేరు నాకెందుకు?"

ఆమె తల వంచుకుని కాఫీ కాయడానికి గుడారంలోకి వెళ్ళింది.

ఈనోక్ కత్తి తీశాడు. ఒక్క వేటు. తాడు సర్రున జారి నల్లటి నీళ్ళలోకి వెళ్ళిపోయింది. చలికాలమంతా రాలింది, ఆ పిల్ల పడ్డ పాటంతా, దాంతోపాటే.

ఆమె రెండు కప్పులతో బయటికి వచ్చింది.

"తాడు తెగింది. సొరచేప కొరికినట్టుంది," అన్నాడు. "సముద్రం తీసుకున్నది తిరిగివ్వదు. మాకు అలవాటైపోయింది. మీరూ అలవాటు చేసుకోండి."

ఆమె వంగి, మిగిలిన ముక్క చివరను వేలితో తడిమింది.

"సొరచేప ఇంత నున్నగా కొయ్యదు, బాబాయ్."

ఆమె లేచి నిలబడింది. ఒక కప్పు ఆయన పక్కన పెట్టింది. వెళ్ళబోతూ ఆగి, జెండా గట్టిగా ఉందో లేదో మళ్ళీ ఒకసారి చూసుకుంది.

ఆయన కాఫీని మంచు మీద పారబోశాడు.

ఆమె వెళ్ళే రోజు హెలికాప్టర్ దగ్గరికి ఊరంతా వచ్చింది. ముసలివాళ్ళు ఆమె చెంపలు నిమురుతున్నారు.

"బురద పిల్లకు ఇంత సాగనంపా?" అన్నాడు ఈనోక్.

ఆనె కళ్ళు తుడుచుకుంది. "ఇప్పటికైనా అడుగురా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"పగ తీరింది. ఇంక పేరెందుకు?"

ఆ పిల్ల వచ్చి ఆయన ఎదుట నిలబడింది. ఏదో అడుగుతాడన్నట్టు చూసింది.

ఆయన కొండ మీద కూతురి కోసం పాతిన తెల్ల శిలువ వైపు, కింద ఎవరూ లేని ఆ శిలువ వైపు, ముఖం తిప్పుకున్నాడు.

ఆమె వెనుదిరిగింది. రెక్కలు తిరగడం మొదలైంది.

ఊరి కట్టుబాటు తెలియని పైలట్ తలుపులోంచి తల బయటపెట్టి కేకేశాడు: "నివీ, తొందరగా ఎక్కమ్మా!"