దాహానికో రాయి

నీళ్లడిగిన మనిషికి నరసింహులు ముందు రాళ్లకుప్ప చూపించాడు.

"ఒక రాయి దాని మీద వెయ్యి. 'ద్రోహి ఓబులయ్య' అను. ఆ తర్వాతే నీళ్లు."

వచ్చినవాడికి ముప్పై ఏళ్లుంటాయి. పంచె అక్కడక్కడా కాలింది. భుజాన బరువైన మూట.

"ఓబులయ్య ఏం చేసినాడు, పెద్దాయనా?"

"తోటివాళ్లను ముగ్గుర్ని చంపించి పారిపోయినాడు."

"ముగ్గురూ పోయినారా!" అని అతను కూలబడ్డాడు.

"నీ చుట్టాలైనట్టు ఏడుస్తావేంది అబ్బీ? దాహమైతే రాయి వెయ్యి."

పుల్లలచెరువుకు పైన, నల్లమల మొదట్లో ఉంది ఆ కుప్ప. దాని పక్కన నరసింహులు మేకలు మేపుకుంటూ ఉంటాడు. భార్య గోవిందమ్మకు తెలిసింది కూడా అంతే. అతను కొండగుహను కాపలా కాసే గవికావలి వాళ్లలో ఒకడని కట్టుకున్నదానికి కూడా చెప్పకూడదని ఒట్టు.

తాతల నాడు ఒక నీలం గుండు, ఒక ఇనుప బండి ఆకాశం నుంచి ఈ కొండ మీద పడ్డాయి. గుండు కోసం ఆకాశంలోని పైవాళ్లు దిగితే ఊళ్లు బూడిదవుతాయి. అందుకే దాన్ని గవిలో దాచి, బరిసెలు పట్టి కాపలా కాశారు. ఆ బండి ఎక్కినవాడికి పొద్దు కదలదని కూడా పెద్దలు అనేవారు. పెద్దల మాటల్లో సగం కల్లుముంతలోవే కదా, ఎవరూ పట్టించుకోలేదు.

నరసింహులు చిన్నప్పుడు పైవాళ్లు రానే వచ్చారు. ఓబులయ్య ముగ్గురిని తోడు రమ్మని గవికి పిలిచాడు. పైవాళ్ల మంటకు ముగ్గురూ కాలిపోయారు. అతను మాత్రం గుండుతో సహా బండెక్కి ఎగిరిపోయాడు. పైవాళ్లకు అమ్ముకున్నాడన్నారు.

ఆ ఓబులయ్య నరసింహులు తండ్రి.

అందుకే కొడుకును గవి గడప తొక్కనివ్వలేదు. కొండ కింద, తండ్రి పేరిట పెరుగుతున్న కుప్పకు కాపలా పెట్టారు. ఎన్నటికైనా తనను నమ్మి పైకి పిలవాలి. తల నెరిసినా ఆ ఆశ మాత్రం చావలేదు.

"ఇది ఏ యేడు?" అన్నాడు వచ్చినవాడు.

"ఏ లోకంలో ఉండావు? రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయి రెండేళ్లాయె."

"తెల్లదొరలు?"

"వాళ్లు మూటాముల్లె సర్దుకొని ఎంత కాలమాయె!"

నరసింహులు నవ్వాడు. పైపళ్ల మధ్య పెద్ద సందు కనిపించింది.

అతను ఆ సందునే చూస్తూ ఉండిపోయాడు.

"ఆ సందులో పన్ను ఏమాయె?"

"పాలపన్ను ఊడితే పేడలో పెట్టి ఇంటికప్పు మీద వెయ్యాల గదా, కొత్తది మొలిచేదానికి. మా నాయన పేడముద్దను మోదుగాకులో చుట్టి, 'మాపటికి వచ్చి ఇద్దరం వేద్దాం లేరా' అని మొలలో దోపుకొని పోయినాడు. ఆ మాపు ఇంకా కాలా."

"మీ అమ్మ?"

"ద్రోహి పెండ్లామని బావికాడికి రానీలా. ఆ దిగులుతోనే పోయింది."

అతను కుప్ప వైపు తిరిగాడు.

"మీ నాయన మళ్లా వస్తే?"

"ఈ బరిసెతోనే పొడుస్తా. దానికే నూరి పెట్టినా."

అతను వంగి ఒక రాయి తీశాడు.

"ద్రోహి... ఓబులయ్య" అని దాన్ని కుప్ప మీద మెల్లగా పెట్టాడు.

నరసింహులు కుండ వంచాడు. దోసిలి పట్టి తాగుతున్నంతసేపూ అతను నీళ్లు పోసే చేతినే చూశాడు.

తర్వాత మూట విప్పాడు. అందులో నీలం గుండు!

"దీన్ని ఊళ్లకు దూరంగా తీసుకపోయినా పైవాళ్లు వదల్లా, వెంటే వస్తాండారు. గవిలో పెట్టి తలుపురాయి మూస్తే వాళ్లకు కనపడదు. ఇద్దరుంటే బయటినుంచి మూయొచ్చు. ఒక్కడైతే లోపలినుంచే మూసుకోవాల. దీంతోపాటు లోపల చిక్కినోడికి ఊపిరాడదు, బతకడు. తోడు రా నాయనా."

పైవాళ్లకు అమ్ముకున్నారన్న గుండు వీడి చేతికెట్లా వచ్చింది? వెళితే మచ్చ పోతుందేమో. ఇదీ మోసమైతే?

"అప్పుడూ ఒకడు ఇట్లనే తోడు రమ్మన్నాడు. నేను రాను. పెట్టేదుంటే ఒంటిగ పోయి పెట్టుకో."

అతను బతిమాలలేదు.

"చల్లగా ఉండు" అని కొండెక్కాడు.

కాసేపటికి తలుపురాయి పడిన చప్పుడు కొండంతా వినిపించింది. ఆ వెంటనే ఎండను కప్పేస్తూ ఒక పెద్ద నీడ వచ్చింది. కొండ చుట్టూ తిరిగి తిరిగి, ఏమీ దొరక్క వెళ్లిపోయింది.

కావలిపెద్ద ఆదినారాయణ గడ్డపారలతో మనుషులను వెంటబెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"నరసింహులన్నా, రాయి తియ్యాల, నువ్వూ రా పైకి!"

ఇన్నేళ్లుగా ఎదురుచూసిన పిలుపు. నరసింహులు బరిసె అక్కడే వదిలి వాళ్ల వెనక కొండెక్కాడు.

రాయి తొలగించారు. గుండు భద్రంగా ఉంది. దాని పక్కన ఆ మనిషి గోడకు ఆనుకుని నిద్రపోతున్నట్టు ఉన్నాడు. ఊపిరి లేదు.

"ఎవరన్నా ఈ పుణ్యాత్ముడు?" అన్నాడు ఆదినారాయణ.

"దారినపోయే మనిషి. తోడు అడిగినాడు. నేనే రాకపోతిని."

నరసింహులు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఊరూ పేరూ కూడా అడగలేదే!

కొండ కోసం పోయినవాడికి కడసారి నీళ్లు ఇచ్చినవాడే స్నానం చేయించాలి. అది కావలివాళ్ల ఆచారం. నరసింహులు పంచె వదులు చేస్తుంటే మొలలోంచి ఒక పచ్చటి మోదుగాకు పొట్లం జారింది.

విప్పాడు.

లోపల పేడముద్దలో ఒక చిన్న పాలపన్ను ఉంది, ఆ పేడ ఇంకా తడి కూడా ఆరలేదు.